ఇంగ్లండ్ వెళ్లే మనవాళ్లకి: చిన్న ఊళ్లో డెర్బీ మ్యాచ్‌కి పోయే ముందు జాకెట్ రంగు చూసుకోండి

పోయిన శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి బ్రాడీపేటలో ఇంట్లో పెరుగన్నం కలుపుకుంటుంటే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. అక్కడ టైం సాయంత్రం నాలుగు. వెనకాల జనం కేకలు వినపడుతున్నాయి, వాడి గొంతు మాత్రం పూడుకుపోయింది. "అన్నయ్యా, నన్ను గ్రౌండ్ బయటకి పంపించేశారు" అన్నాడు. మాస్టర్స్ అని వెళ్లి మూడు నెలలు కాలేదు. కాలేజీ ఉన్న ఊళ్లో చిన్న లీగు ఫుట్‌బాల్ టీము ఉంది, పక్క ఊరి టీముతో మ్యాచ్ (దీన్నే డెర్బీ అంటారు) అంటే ఒక్కడే వెళ్లాడంట, సొంత ఊరి జనం నిలబడే వైపు నిలబడి అవతలి వాళ్లు గోల్ కొట్టగానే ఎగిరి చప్పట్లు కొట్టాడంట. స్టీవార్డ్, అంటే గ్రౌండ్లో జనాన్ని చూసుకునే మనిషి, వచ్చి మోచెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లి వదిలేశాడు. ఎవరూ కొట్టలేదు, అదొక్కటే మేలు. టికెట్ డబ్బులు పోయాయి.

వాడు వెళ్లే ముందు శంకర్ విలాస్ దగ్గర టీ తాగుతూ ఇదే విషయం గంట సేపు చెప్పా. ఫుట్‌బాలే కదన్నయ్యా అన్నాడు. అందుకే ఈసారి రాసి పెడుతున్నా, జనవరిలో వెళ్లే వాళ్లు చాలామంది ఉన్నారు గనక కాస్త ఓపిగ్గా చదవండి.

టికెట్ ఎలా కొనాలి, బస్సు ఎక్కడ ఎక్కాలి లాంటివి ఫోన్లో చూసుకుంటారు, నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది రంగు గురించి.

నేను వెళ్లింది 2015లో. మొదటి చలికాలం. ఊరి పేరు చెప్పను, చిన్న ఊరు, చుట్టూ ఇళ్ల మధ్యలో గ్రౌండ్. ఒంటి మీద బీసెంట్ రోడ్డులో అమ్మ ఏరి కొన్న నీలం జాకెట్ ఉంది. ఆ ఊరి టీము రంగు ఎరుపు, వచ్చిన పక్క ఊరి టీముది నీలం. నాకు తెలియదు, చూసుకోవాలని కూడా తోచలేదు. ఇనప టర్న్‌స్టైల్ ఇరుకుగా ఉంటుంది, భుజం పక్కకి తిప్పి తోస్తే టక్కుమని తిరుగుతుంది, ఒకసారి లోపలికి పడ్డాక వెనక్కి రాదు. గోల్ పోస్టు వెనకాల సిమెంటు మెట్ల మీద ఖాళీ కనపడితే పోయి నిలబడ్డా. అరగంట అయ్యాక అవతలి వాడొకడు చాలా దూరం నుంచి కొట్టాడు, బంతి పై మూల నుంచి లోపలికి పోయింది. నేను చప్పట్లు కొట్టా.

అలవాటు అది. 2002 నవంబర్ 24న బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే జరిగింది, నాన్నతో వెళ్లా. ఆ రోజు మనవాళ్లు ఓడిపోయారు, అయినా వాళ్లు బాగా కొట్టినప్పుడల్లా నాన్న చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టా, మా వరసలో అందరూ కొట్టారు. మంచి షాట్ ఎవడు కొట్టినా మంచి షాటే అని పెరిగాం.

అక్కడ ఆ గోల్ తర్వాత మా వైపు గుడిలో ఉన్నంత నిశ్శబ్దం, అందులో నా చప్పట్లు నాకే వినపడ్డాయి. నలుగురైదుగురు వెనక్కి తిరిగి ముందు నా చేతులు చూశారు, తర్వాత జాకెట్ చూశారు. ఒకడు రెండు మెట్లు ఎక్కి వస్తున్నాడు. ఇంతలో పక్కనున్న పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఏమీ మాట్లాడకుండా తన మెడలో ఉన్న ఎర్ర మఫ్లర్ తీసి నా మెడ చుట్టూ రెండు చుట్లు తిప్పి కొసలు జాకెట్ మీదకి పరిచాడు. ఉన్ని అరిగిపోయి పీచులు లేచి ఉంది, పొగాకు వాసన వేసింది, అచ్చం మా తాతయ్య కండువా వాసన. వస్తున్నవాడితో ఆయన ఏదో అన్నాడు, ఆ యాస నాకు అర్థం కాలేదు, వాడు వెనక్కి పోయాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆయన నా పక్కనే ఉన్నాడు. గేటు దగ్గర మఫ్లర్ తీసుకుని, ఈసారి వస్తే పక్క వైపు, టీ కొట్టు దగ్గర నిలబడు బాబూ అన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు గ్రౌండ్ వైపు పోలేదు. చదువు, గోడౌన్లో పని, రూము, ఎవరితో మాటల్లేవు, సాయంత్రం నాలుగుకే చీకటి. ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మీకది రాకూడదనే ఈ చాదస్తం.

కాబట్టి బయల్దేరే ముందు రెండు టీముల రంగులు చూడండి. ఆ రోజు ఆటగాళ్లు వేరే చొక్కాలు వేసుకోవచ్చు, దాన్ని పట్టించుకోకండి, జనం మెడలో ఉండేది అసలు రంగే. ఆ రెండు రంగులూ జాకెట్లో ఉండకూడదు, టోపీలో ఉండకూడదు, మఫ్లర్లో ఉండకూడదు, భుజాన వేసుకునే బ్యాగులో కూడా వద్దు. నలుపు వేసుకోండి, లేదా బూడిద రంగు. కాలేజీ పేరున్న హుడీలు కూడా ఒకసారి చూసుకోండి, ఆ రంగు ఏ టీముదో. ఒకటే జాకెట్ ఉంది అన్నయ్యా అంటారు, సరే, పైన నల్ల రెయిన్‌కోటు వేసుకోండి, అదీ లేకపోతే ఆ మ్యాచ్ వదిలేసి ఇంకో వారం మామూలు మ్యాచ్‌కి వెళ్లండి.

ఇంత పట్టింపు ఎందుకు అంటే ఊరికే రాలేదు ఆ కోపం. చెస్టర్‌ఫీల్డ్, మాన్స్‌ఫీల్డ్ అని రెండు ఊళ్లున్నాయి, గుంటూరు నుంచి బెజవాడ ఉన్నంత దూరం కూడా లేదు రెంటికీ. రెండూ బొగ్గు గనుల ఊళ్లే. 1984-85లో గని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేస్తే చెస్టర్‌ఫీల్డ్ ఉన్న ఉత్తర డెర్బీషైర్లో చాలామంది సమ్మెలో నిలబడ్డారు, మాన్స్‌ఫీల్డ్ ఉన్న నాటింగ్‌హామ్‌షైర్లో ఎక్కువమంది పనికి పోయారు. పొయ్యి వెలగని ఇళ్లు ఒకవైపు, జీతం అందుకున్న ఇళ్లు ఇంకోవైపు. గనులు మూతపడి ఎన్నేళ్లయినా ఇవాళ్టికీ ఆ రెండు టీములు ఆడితే 'స్కాబ్' అని అరుస్తారు, అంటే సమ్మె విరగ్గొట్టినోడు అని. బయటి నుంచి వచ్చిన మనం ఆ మాట నవ్వుతూ అరవకూడదు, అది వాళ్ల నాన్నల గొడవ. ప్రతి డెర్బీ వెనకా ఏదో ఒకటి ఉంటుంది, వెళ్లే ముందు పది నిమిషాలు చదువుకోండి.

టికెట్ తీసుకునేటప్పుడు గోల్ వెనకాల వద్దు, పొడుగు వైపు పక్క స్టాండు అడగండి, కుటుంబాలు, ముసలాళ్లు అక్కడే ఉంటారు. ఇంకా కింది లీగుల్లో మామూలు రోజుల్లో రెండు వైపుల జనాన్నీ విడదీయరు, హాఫ్ టైంలో అందరూ కలిసి అటు నుంచి ఇటు మారతారు కూడా, భలే బాగుంటుంది. కానీ డెర్బీకి అడ్డుగోడలు కట్టేస్తారు. 'అవే ఎండ్' (away end), అంటే బయటి నుంచి వచ్చిన టీము జనం ఉండే వైపు, ఆ టికెట్ సాధారణంగా వచ్చే టీము వాళ్లే అమ్ముతారు, సీటు దొరికింది కదాని తెలియకుండా అది కొనకండి. టైం కూడా చూసుకోండి, అక్కడ శనివారం మ్యాచ్ అంటే మూడింటికి, కానీ గొడవలవుతాయని పోలీసులు చెబితే పన్నెండున్నరకో ఒంటిగంటకో జరుపుతారు. టీవీలో చూద్దాంలే అనుకుంటే కుదరదు, శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ లైవ్ వెయ్యరు అక్కడ, జనం గ్రౌండుకి రావాలని 1960ల నుంచీ ఉన్న పద్ధతి.

మెట్ల దారిలో నిలబడకండి. స్టీవార్డ్ కసిరితే నామోషీ పడొద్దు. 1989లో షెఫీల్డ్‌లో హిల్స్‌బరో గ్రౌండ్‌లో జనం ఒకేచోట ఇరుక్కుని 97 మంది చచ్చిపోయారు, అందుకే అంత గట్టిగా ఉంటారు. గోల్ పడిందని గ్రౌండ్లోకి దూకడం, ఏదన్నా విసరడం 1991 చట్టం ప్రకారం నేరం, ఊళ్లో కుర్రాళ్లు దూకారు కదాని మీరు దూకకండి. గ్రౌండ్లకి రాకుండా 3 ఏళ్ల నుంచి 10 ఏళ్ల దాకా నిషేధం పడొచ్చు, వీసా మీద ఉన్నవాళ్లకి కేసు అంటే అమ్మానాన్నలకి నిద్ర ఉండదు. నేషనల్ లీగ్ దాకా, అంటే పై ఐదు అంచెల్లో, ఆట కనపడే చోట బీరు తాగకూడదు, దానికి 1985 నుంచి చట్టం ఉంది. ఇంకా కింద పర్వాలేదు, చేతిలో గ్లాసు పట్టుకునే చూస్తారు.

చలి గురించి ఒక్క మాట. పైనుంచి రాదు, కింద సిమెంటులోంచి ఎక్కుతుంది, ఉన్ని సాక్సులు రెండు జతలు వేసుకోండి. టీ కొట్లో బోవ్రిల్ అని కప్పులో పొగలు కక్కుతూ నల్లగా ఇస్తారు, డికాషన్ అనుకుని తీసుకుంటారేమో, అది గొడ్డు మాంసం సారం. తినని వాళ్లు టీ అనే అడగండి, 'పై' (pie, లోపల కూర పెట్టి కాల్చేది) తీసుకుంటే చీజ్ ఉల్లిపాయది ఉందేమో కనుక్కోండి.

ఒంటి రంగు గురించి కూడా అడుగుతారు, తెలుసు. దాచను, నన్ను రెండుసార్లు అన్నారు. ఒంటి రంగు మీద అలా మళ్లీ మళ్లీ కేకలు వెయ్యడం కూడా ఆ 1991 చట్టంలో నేరమే. ఎదురు తిరిగి అరవకండి, దగ్గర్లో ఉన్న స్టీవార్డ్‌కి ఏ వరసలో, ఏ టోపీ పెట్టుకున్నవాడో చెప్పండి, కిక్ ఇట్ అవుట్ అనే సంస్థకి ఫోన్లోంచే ఫిర్యాదు పెట్టొచ్చు, 1993 నుంచి వాళ్ల పని అదే. మ్యాచ్ అయ్యాక ఐదింటికి స్టేషన్ వైపు అందరితోపాటు పరిగెత్తకండి, అరగంట ఆగి బయల్దేరండి.

సరే, ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్లా, నల్ల జాకెట్‌తో, టీ కొట్టు పక్కన నిలబడ్డా. ఆ పెద్దాయన నన్ను గుర్తుపట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. మూడేళ్లు ఆ చోటే మా ఇద్దరిదీ. ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆయనే. రెండోసారి నుంచి భయం ఉండదు, నిజం.

మావాడికి మంగళవారం రాత్రి ఇంకో మ్యాచ్ ఉందంట, వెళ్తానంటున్నాడు. కొత్త జాకెట్ కొన్నానని నిన్న ఫొటో పంపాడు, నలుపే అన్నయ్యా అని. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటో, నాకు ముదురు నీలంలా కనపడుతోంది. పొద్దున్నే కిటికీ దగ్గర ఎండలో పెట్టి చూడరా అని చెప్పా.