రైతుబజార్‌లో మనుషుల బొమ్మలు గీసే ముందు

మెహదీపట్నం రైతుబజార్‌కి స్కెచ్‌బుక్ పట్టుకుని బయల్దేరుతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

– పుస్తకం ఏ5 సైజు (ఏ4 కాగితంలో సగం) దాటొద్దు. పెద్దదైతే చుట్టూ జనం మూగుతారు, ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు.

– 2బీ, 4బీ పెన్సిళ్లు (మెత్తగా, నల్లగా గీసేవి) ఇంట్లోనే చెక్కుకోండి. రబ్బరు వద్దు. తప్పు గీత పక్కనే సరైన గీత వేయండి.

– గోడకి వీపు ఆనించి నిలబడండి. మూటలు మోసేవాళ్ల దారికి అడ్డం రాకండి.

– అన్నిటికంటే ముఖ్యం అవతలి మనిషి ఇష్టం. ముఖం తిప్పుకున్నా, కొంగు సర్దుకున్నా వెంటనే ఆపేయండి. "అమ్మా, మీ బొమ్మ గీస్తున్నా, పర్లేదా?" అని అడిగితే చాలామంది నవ్వేస్తారు. గీశాక చూపించండి. పిల్లలైతే పెద్దవాళ్లని అడగాల్సిందే. దొంగచాటుగా ఫోటో తీసుకుని ఇంటికొచ్చి గీయడం నాకైతే అస్సలు నచ్చదు.

– ముఖంతో మొదలుపెట్టకండి. కాటా మీద వంకాయలు వేస్తున్న ఆమె భుజం ఎటు వాలింది, బరువు ఏ కాలి మీద ఉంది, మణికట్టు ఎలా వంగింది, ఈ మూడూ అర నిమిషంలో పట్టేయాలి. కదిలిపోతే టెన్షన్ పడొద్దు. ఇంకో బేరం రాగానే ఆమె మళ్లీ అలాగే వంగుతుంది, మిగిలింది అప్పుడు గీయొచ్చు.

– నీళ్ల సీసా, టోపీ.