జీపుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ – మూడో పాఠం: కరెంటు దారి

రెండో పాఠం ముగిసేసరికి మన పాత డీజిల్ జీపు ముందు భాగం ఇలా ఉంది. వాటర్ పంపు పుల్లీ మీది ఇనుప రెక్కల ఫ్యాన్ దిగిపోయింది. రేడియేటరుకు ఇంజిన్ వైపున, రేకు కవరులో, 14 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ కూర్చుంది. దాని రెండు తీగలు మాత్రం ఇంకా వేలాడుతున్నాయి. ఈ పాఠమంతా ఆ రెండు తీగల గురించే.

అంతకంటే ముందు ఒక దిద్దుబాటు. పోయినసారి నేను చెప్పడం మరిచిపోయిన ముక్క ఒకటి మా బావమరిది కొంప ముంచబోయింది. పాత ఫ్యాన్‌ను పట్టుకునే నాలుగు బోల్టులే పుల్లీనీ పట్టుకుంటాయి. ఫ్యాన్ తీసేసి అవే బోల్టులు తిరిగి బిగిస్తే, ఫ్యాన్ మందం ఎంతో అంత మేర అవి లోపలికి చొచ్చుకుపోతాయి. ఆయన బండిలో బోల్టు కొనలు పంపు ఒంటికి తగిలి కరకరమన్నాయి. నయం, స్టార్ట్ చేసిన వెంటనే ఆపేశాడు. పొట్టి బోల్టులు వేయండి, లేదా ఆ మందానికి సరిపడా వాషర్లు వేయండి. బిగించాక పుల్లీని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. బెల్టు టైటు కూడా మళ్లీ చూసుకోండి. ఫ్యాన్ పోయింది గానీ పంపునూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరునూ తిప్పేది ఆ బెల్టే.

ఇక అసలు సంగతి. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్‌కు పని ఎక్కువున్నప్పుడు ఓపిక తక్కువ, పని లేనప్పుడు హడావుడి ఎక్కువ అని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. మద్రాసు నుంచి దక్షిణానికి పోయే జీఎస్టీ రోడ్డు మీద 60 దాటాక ఎదురుగాలే రేడియేటరుకు చాలు, అయినా అది గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అదే గిండీలో కత్తిపారా ఫ్లైఓవర్ కింద బండ్లన్నీ ఆగిపోయినప్పుడు, ఇంజిన్‌తో పాటు అదీ నీరసంగా తిరుగుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఆ చిక్కు లేదు. దానికి వేరే చిక్కుంది: ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, దానికి కరెంటు కావాలి, ఐడ్లింగులోనే ఆల్టర్నేటరు అతి తక్కువ కరెంటు ఇస్తుంది.

కాబట్టి ముందు లెక్క వేయండి. మన ఫ్యాన్ తిరిగేటప్పుడు సుమారు 15 ఆంపియర్లు తీసుకుంటుంది. హెడ్‌లైట్లు రెండూ డిమ్ములో 110 వాట్లు, అంటే 8 ఆంపియర్లు. వెనక లైట్లు, మీటరు బల్బులు 2 లేక 3, వైపరు 4. మొత్తం 30 దగ్గరికి వచ్చింది. మీ ఆల్టర్నేటరు మీద 35 అని రాసి ఉంటే మురిసిపోకండి. అది ఇంజిన్ బాగా తిరిగేటప్పటి మాట, ఐడ్లింగులో అందులో సగం కూడా రాకపోవచ్చు. రాత్రిపూట బండి ఐడ్లింగులో పెట్టి, లైట్లు, వైపరు, ఫ్యాన్ అన్నీ వేసి, బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టండి. పది నిమిషాల తర్వాత కూడా 13 వోల్టులకు పైన ఉంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. 12.5కి పడి ఇంకా దిగుతుంటే ఆల్టర్నేటరు కాదు, బ్యాటరీ పోషిస్తోందన్నమాట. అప్పుడు పెద్ద ఆల్టర్నేటరు వెతుక్కోవాలి, లేదా ఈ పని ఇక్కడితో ఆపాలి. ఆపడం చిన్నతనమేమీ కాదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు ఇంట్లో మిగిలిన 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వాడేశాను. ఎర్త్ తీగను, అంటే ఫ్యాన్ నెగటివ్ తీగను, దగ్గర్లో ఉన్న రేకుకు, రంగు మీదనే, బోల్టు పెట్టి బిగించాను. ఫ్యాన్ తిరిగింది, సంబరపడ్డాను. మే నెల వచ్చింది. కత్తిరి ఎండల్లో గిండీ దాటేలోపు టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత దగ్గరికి పోయింది. ఫ్యాన్ చిన్నదేమో అనుకుని, ఇంకా పెద్దది కొందామని పుదుపేటకు వెళ్లాను. పాత బండ్లను విప్పి అమ్మే ఆ వీధుల్లో దొరకని సామాను ఉండదు. అక్కడ నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఆటో ఎలక్ట్రీషియన్. నా గోడంతా విని, "అబ్బయా, ఫ్యాన్ కొనబాక. ముందు దాని దగ్గర ఎంత వోల్టు వస్తుందో చూడు" అన్నాడు.

ఫ్యాన్ తిరుగుతుండగా చూశాం. బ్యాటరీ దగ్గర 13.6. ఫ్యాన్ తీగల దగ్గర 10.9. మధ్యలో 2.7 వోల్టులు మాయం. 15 ఆంపియర్లతో గుణిస్తే 40 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి, నా తీగల్లోనూ జాయింట్లలోనూ ఊరికే కాలిపోతోంది. ఫ్యాన్ వేగం దాదాపు ఐదో వంతు తగ్గింది, గాలీ అంతే. పెద్ద ఫ్యాన్ కొని ఉంటే అది ఇంకా ఎక్కువ కరెంటు లాగి, ఇంకా ఎక్కువ వోల్టులు పోగొట్టేది. ఆ రోజు ఆయన ఫ్యాన్ అమ్మలేదు, తీగ కొసలకు బిగించే లగ్గులు నాలుగు అమ్మాడు.

సరే, దారి ఎలా వేయాలో చూద్దాం. మొట్టమొదట బ్యాటరీ ఎర్త్ (నెగటివ్) టెర్మినల్ విప్పి పక్కన పెట్టండి.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, దాని ప్రతి కాలుకూ ఒక నంబరు ఉంటుంది. పెద్ద కరెంటు దారి ఇది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ కాలు, రిలే 87వ కాలు నుంచి ఫ్యాన్ పాజిటివ్. ఫ్యాన్ నెగటివ్ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు, లేదా ఇంజిన్ బ్లాక్ మీది ఎర్త్ బోల్టుకు. అంతా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరే. పోనూ రానూ 4 మీటర్ల వైరు పడుతుందనుకుంటే, 15 ఆంపియర్ల దగ్గర అందులో పోయేది పావు వోల్టు. అదే 1.5 వైరైతే 0.7 వోల్టు, ఇంకా జాయింట్ల లెక్క వేరు. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి. ఫ్యూజు ఉన్నది ఫ్యాన్‌ను కాపాడటానికని చాలామంది అనుకుంటారు. కాదు, అది వైరును కాపాడుతుంది. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బండి ఒంటికి తగిలితే దాన్ని ఆపేవాడు లేడు. 15 ఆంపియర్ల ఫ్యాన్‌కు 30 ఫ్యూజు ఎందుకంటారా? మోటారు కదిలే ఆ క్షణంలో రెండు మూడింతలు లాగుతుంది.

చిన్న కరెంటు దారి: ఇగ్నిషన్ వేస్తే వచ్చే లైను నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా రిలే 86వ కాలుకు. 85వ కాలు నుంచి డ్యాష్‌బోర్డు మీది మూడు స్థానాల స్విచ్చు నడిమి కాలుకు. స్విచ్చు ఒక పక్క నేరుగా ఎర్త్‌కు, రెండో పక్క థర్మల్ స్విచ్చు (నీళ్లు వేడెక్కితే తనంతట తానే కలిసే స్విచ్చు) మీదుగా ఎర్త్‌కు. స్విచ్చు మధ్యలో ఉంటే ఫ్యాన్ ఆగిపోతుంది. రిలే కాయిల్‌కు పట్టుమని అర ఆంపియరు కూడా అక్కర్లేదు కాబట్టి ఇక్కడ 1 స్క్వేర్ ఎంఎం వైరు చాలు. రిలే మాత్రం 40 ఆంపియర్లది తీసుకోండి. దాని కాళ్లు కిందికి చూసేలా బిగిస్తే లోపల నీళ్లు నిలవవు.

ఫ్యాన్‌ను ఆపే స్విచ్చు ఎందుకో మద్రాసు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్లం. మామూలు వానకే టీ నగర్ దురైసామి సబ్‌వే లాంటివి చెరువులవుతాయి. తిరిగే రెక్కలు నీళ్లలో మునిగితే వంగి రేడియేటరుకు తగలవచ్చు, మోటారు మీద భారం పడి ఫ్యూజు ఎగిరిపోవచ్చు. తప్పనిసరై నీళ్లలో దిగాల్సి వస్తే ముందు ఫ్యాన్ ఆపండి, బయటికి రాగానే స్విచ్చును మళ్లీ థర్మల్ స్విచ్చు వైపుకు తిప్పండి. ఆ రెండోది మరిచిపోతే మొత్తం శ్రమ వృథా.

థర్మల్ స్విచ్చు దగ్గర ఒక్క నియమం గుర్తుంచుకోండి. ఇంజిన్ నుంచి వచ్చే వేడి నీటి వైపు దాన్ని పెడుతుంటే, స్విచ్చు ఫ్యాన్‌ను ఆపే డిగ్రీ థర్మోస్టాట్ (ఇంజిన్ నీళ్లు వేడెక్కాక రేడియేటరుకు దారి తెరిచే కవాటం) తెరుచుకునే డిగ్రీ కంటే ఎక్కువగా ఉండాలి. థర్మోస్టాట్ మీద 82 అని ఉంటే, 92లో వేసి 87లో ఆపే స్విచ్చు సరిపోతుంది. 80లో ఆపే స్విచ్చు పెడితే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ నీళ్లు అంత చల్లబడవు, ఫ్యాన్ ఆగనే ఆగదు. కొన్న స్విచ్చును నమ్మకుండా ఇంట్లోనే పరీక్షించండి. గిన్నెలో నీళ్లు మరగబెడుతూ, స్విచ్చు ఇత్తడి భాగాన్ని ముంచి, థర్మామీటరు పక్కన పెట్టి, స్విచ్చు రెండు కాళ్లకూ మల్టీమీటరును కంటిన్యుయిటీలో తగిలించి, అది ఎన్ని డిగ్రీల దగ్గర కూస్తుందో రాసుకోండి. మద్రాసులో నీళ్లు 100 దగ్గర మరుగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. బెంగళూరులో ఎత్తు వల్ల 97 దగ్గరే మరుగుతాయి, 92 స్విచ్చుకు అదీ చాలు. కూలెంటు అంటిన స్విచ్చును వంటగిన్నెలో ముంచకండి, అది విషం. మా ఇంట్లో ఈ పరీక్ష తర్వాత ఒక గిన్నె శాశ్వతంగా గ్యారేజీకి బదిలీ అయింది.

ఒకే తీగ ఉండే స్విచ్చు తన ఒంటి ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. మన రేడియేటరేమో రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది, దానికి ఎర్త్ సరిగా అందదు. కాబట్టి రెండు తీగల స్విచ్చే కొనండి.

అన్నీ కలిపాక ఎర్త్ టెర్మినల్ పెట్టి, స్విచ్చును నేరుగా వేసే వైపుకు తిప్పండి. రేడియేటరు ముందు ఒక పలచటి కాగితం పట్టుకోండి. అది జాలికి అతుక్కుంటే గాలి సరైన వైపు పోతోంది. ఎగిరిపోతే తీగలు తారుమారయ్యాయి.

ఇక అసలు పరీక్ష. ఇంజిన్ నడుస్తూ, ఫ్యాన్ తిరుగుతూ ఉండగా మీటరును వోల్టుల్లో పెట్టండి. ఒక మొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది ఫ్యాన్ పాజిటివ్ మీద. వచ్చే అంకె ఆ దారిలో పోయిన వోల్టు. 0.3 లోపు ఉంటే భేష్, 0.5 దాటితే ఎక్కడో లోపం ఉంది. అప్పుడు ఫ్యూజుకు అటూ ఇటూ, రిలే 30కీ 87కీ మధ్య, ప్రతి లగ్గుకూ అటూ ఇటూ కొలుస్తూ రండి. దొంగ ఒక్కచోటే దొరుకుతాడు. తర్వాత నెగటివ్ వైపు ఇదే పని. నా అనుభవంలో పదిసార్లలో ఏడుసార్లు దొంగ ఎర్త్ దగ్గరే ఉన్నాడు. మెరీనా, రాయపురం, తిరువొత్తియూరు వైపు ఉండేవాళ్లకు ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా ముఖ్యం. బోల్టు కింద రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి.

ఒక హెచ్చరిక. ఇగ్నిషన్ వేసి ఉంటే ఇంజిన్ ఆగి ఉన్నా ఈ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. పాత ఫ్యాన్‌కు ఈ గుణం లేదు కాబట్టి చేతులకు ఆ భయం అలవాటు లేదు. రేడియేటరు దగ్గర చెయ్యి పెట్టేముందు తాళం తీసి జేబులో వేసుకోండి.

అన్ని బండ్లకూ ఇది మంచిదని నేను అనను. బరువు వేసుకుని చిన్న గేర్లో ఘాట్ రోడ్డు ఎక్కే బండికి, ఇంజిన్ వేగంతో పాటు పెరిగే పాత ఫ్యాన్ గాలే ఎక్కువ. మన ఫ్యాన్ వేగం అలిపిరి దాటాక కూడా అంతే ఉంటుంది. అందుకే నాలుగో పాఠంలో ఏడుగురిని ఎక్కించుకుని తిరుమల కొండ ఎక్కి చూద్దాం. ఈలోగా ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి: ఐడ్లింగులో బ్యాటరీ వోల్టు, ఫ్యాన్ దగ్గర వోల్టు, పాజిటివ్ వైపు పోయింది, నెగటివ్ వైపు పోయింది. ఆ కాగితం డ్యాష్‌బోర్డులో ఉంచండి, కొండ మీద దాంతోనే పని.