అరకు ట్రిప్‌లో అందరి ఫోన్లూ ఛార్జ్ అవ్వాలంటే

విశాఖ మద్దిలపాలెంలో ఉంటాను, ఏడు సీట్ల బండి నడుపుతాను. ఎక్కువగా అరకు ట్రిప్పులే. పెందుర్తి దాటకముందే వెనక సీట్లోంచి "అన్నా, ఛార్జర్ ఉందా?" అని అడుగుతారు. ఆరుగురికి ఏడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్.

ముందు సిగరెట్ లైటర్ సాకెట్ మూత చూడండి. చాలా బండ్లలో 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. అంటే 10 ఆంపియర్లు. ఒకేసారి పెట్టేవన్నీ కలిపి ఆ లోపే ఉండాలి. స్పీడ్‌గా ఎక్కే ఫోన్‌కి 20 వాట్లు వేసుకోండి, ల్యాప్‌టాప్‌కి 65. నాలుగు ఫోన్లూ ల్యాప్‌టాపూ కలిపితే 145, దాటిపోయింది. అందుకే ల్యాప్‌టాప్ పెడితే పక్కన రెండు ఫోన్లే పెట్టనిస్తాను.

ఈ లెక్క నాకు ఒక ట్రిప్‌లో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక తెలిసింది. సాకెట్‌కి మూడు నోళ్ల స్ప్లిటర్ తగిలించి, ఒకదాంట్లో ల్యాప్‌టాప్ కోసం బండి కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్, ఇంకోదాంట్లో టైరుకి గాలి కొట్టే పంపు పెట్టాం. ఫ్యూజ్ పోయింది. దారి చూపించే ఫోన్‌లో 9 శాతమే ఉంది, ముందంతా ఘాట్, బండిలో చంటిపిల్ల. ఆ టెన్షన్ మళ్లీ వద్దని అప్పటినుంచి డ్యాష్‌బోర్డ్ అరలో రెండు ఫ్యూజులు ఉంచుకుంటున్నాను. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే వెయ్యండి. 15 ఉన్నచోట 20 వేస్తే ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది.

స్ప్లిటర్ మానేశాను. టైప్-సి, యూఎస్‌బీ రెండూ ఉన్న మంచి ఛార్జర్ ఒక్కటి చాలు, అందులో మొదటి చోటు మ్యాప్ నడిచే ఫోన్‌దే. స్టీరియో పక్కనుండే యూఎస్‌బీని నమ్ముకోకండి. చాలావాటిలో అర ఆంపియరో, ఒకటో వస్తుంది. మ్యాప్ ఆన్‌లో ఉంటే శాతం పెరగనే పెరగదు. వెనక సీటు వాళ్లకి రాత్రే ఇంట్లో నింపిన పవర్ బ్యాంక్ ఇచ్చేస్తే వైర్లు కాళ్లకి అడ్డం పడవు.

ఎండలో డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ పెట్టి ఛార్జ్ చేస్తే వేడెక్కి ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఏసీ గాలి తగిలేచోట హోల్డర్ బిగించండి.

టైడా దాటితే సిగ్నల్ వస్తూపోతూ ఉంటుంది. టవర్ వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్ పెట్టండి, జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. బొర్రా దగ్గర బండి ఆపినప్పుడు ఛార్జర్ పీకేయండి. కొన్ని బండ్లలో తాళం తీసినా సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది, బండి బ్యాటరీ దిగిపోతుంది.