నిఘా కింద బతికిన ఊరి జ్ఞాపకాలను నమోదు చేయడం ఎలా?

శ్రీకాకుళం ఏజెన్సీలోనూ ఉద్దానంలోనూ 1969 నాటికి ఇరవై ఏళ్ల వయసున్నవారు ఇప్పుడు డెబ్బై అయిదు దాటారు. భూస్వాముల మీద సాగిన శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటం, దానికి ముందు గిరిజన సంఘం సభలు, సి.ఆర్.పి. (కేంద్ర రిజర్వు పోలీసు) క్యాంపులు, అర్ధరాత్రి సోదాలు, వాటి వెనకే వచ్చిన ఎమర్జెన్సీ, అన్నీ వారి కళ్ల ముందు జరిగినవే. ఆ కాలం గురించి అచ్చయిన దానిలో ఎక్కువ భాగం నాయకుల గురించి, ఎదురుకాల్పుల గురించి. పోలీసులు కన్నేసి ఉంచిన ఊళ్లో మామూలు మనిషి ఏ దారిన నడవడం మానుకున్నాడో, ఎవరితో మాట్లాడటం మానేశాడో రాసిపెట్టినవారు తక్కువ. తమ ఇంట్లోనో ఊళ్లోనో ఆ పని చేయదలచిన యువతీ యువకుల కోసం ఈ సూచనలు రాస్తున్నాను. మనిషి జ్ఞాపకం ఒక సాక్ష్యం, ప్రభుత్వ కాగితం ఇంకొక సాక్ష్యం. రెండింటినీ పక్కపక్కన ఉంచాలి తప్ప, ఒకదానికి సరిపోయేలా రెండో దాన్ని దిద్దకూడదన్నది ఈ పని మొత్తానికీ ఆధారమైన నియమం.

ఎవరినీ అడగకముందే కాలక్రమం ఒకటి తయారు చేసుకోండి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేయగా కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 1968 నవంబరులో సాయుధ పోరాటం మొదలైంది. ఆ పోరాట నాయకుల్లో 1969లో సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో మరణించారు. పోరాటంలో ఉన్నవారి మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు ఆ తరువాత ఏళ్ల తరబడి సాగింది. ఎమర్జెన్సీ 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 వరకు అమలులో ఉంది. ఈ పట్టిక మీ దగ్గరే ఉండాలి, చెప్పేవారికి చూపించకూడదు. తేదీలు చూసిన మనిషి తన జ్ఞాపకాన్ని ఆ తేదీల వెంట సర్దుకుంటాడు, అప్పుడు మీకు దొరికేది మీరు ముందే చదివిన కథ.

పెద్దవారికి తేదీలు గుర్తుండవు, ఋతువులు గుర్తుంటాయి. కంది కొత్తల పండుగకు ముందా తరువాతా, పోడు నరికే రోజులా కాల్చే రోజులా, పెద్ద కొడుకు పుట్టాడా, వన్ ఆఫ్ సెవెంటీ చట్టం వచ్చిందని అప్పటికి విన్నారా అని అడిగితే సంవత్సరం దానంతట అదే దగ్గరకు వస్తుంది. గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఆ నిబంధన పేరు ఏజెన్సీలో చదువుకోనివారికి కూడా తెలుసు. ఈ రకంగా తేల్చిన సంవత్సరాన్ని మీ అంచనాగానే రాయండి, చెప్పినవారి నోట పెట్టకండి.

మొదటి రోజు ఫోను, రికార్డరు బయటకు తీయకపోవడం మంచిది. ఎందుకు వచ్చారో, విన్నది ఏం చేస్తారో, ఎవరెవరు వింటారో స్పష్టంగా చెప్పండి. ఒకప్పుడు తెలియనివాడు వచ్చి ఊళ్లో ప్రశ్నలు వేశాడంటే మర్నాడు జీపు వచ్చేది. ఆ అనుభవం ఉన్నవారు మిమ్మల్ని అనుమానించడం వారి తప్పు కాదు, ఆ అనుమానాన్ని గౌరవించండి. తెలిసిన మనవడో మనవరాలో పక్కన ఉంటే మేలు. అయితే కుటుంబంలో అందరి ముందూ చెప్పలేని విషయాలు ఉంటాయి, ముఖ్యంగా ఆడవారికి. వారితో ఆడవారే, వేరుగా, ఇంటి పనికి అడ్డం రాని వేళ కూర్చోవాలి.

అనుమతిని మూడు రకాలుగా అడగండి: ఇప్పుడే అందరూ వినవచ్చునా, తాను పోయిన తరువాత వినవచ్చునా, ఎప్పటికీ ఇంట్లోవారికేనా. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క జవాబు చెప్పవచ్చునని, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చునని కూడా చెప్పండి. ఎమర్జెన్సీలో కాగితం మీద వేలిముద్ర వేసి ఇబ్బంది పడ్డవారు మళ్లీ కాగితమంటే జంకుతారు కాబట్టి, ఈ అనుమతిని గొంతుతో రికార్డు చేసినా చాలు.

ప్రశ్నల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. "మిమ్మల్ని కొట్టారా?" అని మొదలుపెడితే ఔననో కాదనో జవాబు వచ్చి మాట అక్కడే ఆగిపోతుంది. "తాతా, ఆ దినాల్లో సంతకి ఏ దారంట ఎళ్లీవోరు?" అని అడిగి చూడండి. దారి చెప్పడం మొదలుపెట్టిన మనిషి ఆ దారిలో చెక్‌పోస్టు ఎక్కడుండేదో, అక్కడ బుట్ట దించి ఏం చూపించాలో, కిలో ఉప్పు ఎక్కువ కొంటే ఎవరికి మోసుకెళుతున్నావని ఎలా అడిగేవారో తానే చెబుతాడు. నేల మీద పుల్లతో ఊరి పటం గీయమనండి. ఇల్లు, నుయ్యి, చింతచెట్టు, సావుకారి అరుగు, క్యాంపు వేసిన బడి ఎక్కడెక్కడ ఉన్నాయో గీస్తుంటే ఆయన చేయి ఒకచోట ఆగుతుంది. అక్కడ మీరు తొందరపడి ప్రశ్న వేయకండి, రికార్డరు నడుస్తూ ఉండనివ్వండి. మౌనం ఎంతసేపు ఉందో కూడా రాతప్రతిలో గుర్తించాలి. పటం ఫొటో తీసి, చెప్పిన మాటలతో పాటు భద్రపరచండి.

"వాళ్లొచ్చినారు" అన్న మాట తరచు వస్తుంది. ఆ వచ్చినవారు పోలీసులో, పోరాటకారుల సాయుధ దళమో, సావుకారి మనుషులో చాలాసార్లు తేలదు. ఆ క్షణంలో అడ్డుపడకుండా, చెప్పడం పూర్తయిన తరువాత వారి బట్టలు ఎలా ఉన్నాయి, ఏ భాష మాట్లాడారు, పగలా రాత్రా అని అడిగి తేల్చుకోండి. మాటను మాత్రం విన్నది విన్నట్టే రాయాలి. "ఎలిపోనాం" అన్న మాటను "వెళ్లిపోయాము" అని సవరించి రాస్తే చెప్పిన మనిషి ఆ పేజీలో ఉండడు. సవర, జాతాపు పెద్దలు తమ భాషలో చెప్పదలిస్తే ఆ భాషలోనే రికార్డు చేసి, తెలుగు అనువాదాన్ని వేరుగా, అనువదించిన వారి పేరుతో పెట్టండి.

చాలా ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున ఏదో ఒక కాగితం ఉంటుంది: జైలు విడుదల చీటీ, బెయిలు పత్రం, కోర్టు సమను. నాలుగు మడతలు పెట్టి దాచిన కాగితం మడతల దగ్గర చిరుగుతుంది. దాన్ని బలవంతంగా చదును చేయకండి, లామినేషన్ అసలే చేయించకండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, ముందు వైపూ వెనక వైపూ ఫొటో తీయండి. కార్యాలయం ముద్ర, తేదీ, క్రైమ్ నంబరు చాలాసార్లు వెనక వైపే ఉంటాయి. కాగితాన్ని ఆ ఇంట్లోనే వదలండి. వారు ఇస్తామన్నా తీసుకోకపోవడమే సరైన పద్ధతి.

నంబరు దొరికితే ప్రభుత్వ రికార్డు వెదకవచ్చు. ఇక్కడ జిల్లాల సరిహద్దులు చాలామందిని తికమక పెడతాయి. పార్వతీపురం, సాలూరు 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే వరకు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. కాబట్టి పాత కేసు కాగితం కోసం నేటి జిల్లా కార్యాలయంలో అడిగి లేదన్నారని వదిలేయకుండా, కేసు నడిచిన నాటి కోర్టు ఏదో చూసుకుని అక్కడ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయండి. కేసు కట్టల్లో చాలావాటిని నిర్ణీత గడువు తరువాత నాశనం చేస్తారు, తీర్పు ప్రతి దొరికే అవకాశం వాటికంటే ఎక్కువ.

పోలీసు రికార్డుకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. 20 ఏళ్లు దాటిన విషయాలకు సెక్షన్ 8(3) కింద చాలా మినహాయింపులు వర్తించవు, అయితే దేశ భద్రత వంటి కొన్ని కారణాలు మిగిలే ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ప్రకటించిన గూఢచారి, భద్రతా విభాగాల నుంచి కూడా మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు చెందిన సమాచారాన్ని సెక్షన్ 24(4) కింద, రాష్ట్ర సమాచార కమిషన్ ఆమోదంతో, పొందే వీలుంది. "నా తాతగారి ఫైలు ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. స్టేషన్ పేరు, సంవత్సరం, కేసు నంబరు, కావలసిన పత్రం పేరు విడివిడిగా రాయాలి. లేదని జవాబు వస్తే ఆ జవాబును కూడా భద్రపరచండి, రికార్డు లేకపోవడమూ మీ చరిత్రలో భాగమే.

దొరికిన కాగితాన్ని చదివేటప్పుడు ముందుగా అది ఎవరి అవసరం కోసం పుట్టిందో అడగండి. ఎదురుకాల్పుల ఎఫ్.ఐ.ఆర్.లలో వారు ముందు కాల్చారు, ఆత్మరక్షణకు మేము కాల్చాము అన్న వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అలాంటి చోట సమయం, స్థలం, పంచనామా సాక్షుల పేర్లు చూసి, ఆ సాక్షుల కుటుంబాలు ఊళ్లో ఉంటే వెళ్లి అడగండి: సంతకం ఎక్కడ పెట్టారు, అప్పటికి కాగితం మీద రాత ఉందా లేదా.

తూర్పు జర్మనీ అనుభవం ఈ విషయంలో మనకు ఉపయోగపడుతుంది. 1950లో ఏర్పడిన అక్కడి రహస్య పోలీసు శాఖ స్టాసీకి 1989 నాటికి సుమారు 91,000 మంది ఉద్యోగులు, లక్షన్నరకు పైగా రహస్య సమాచారదారులు ఉండేవారు. ప్రభుత్వం కూలుతున్నప్పుడు అధికారులు ఫైళ్లను చించడం మొదలుపెడితే ప్రజలే కార్యాలయాలను ఆక్రమించి ఆపారు. అరల్లో పేర్చితే 111 కిలోమీటర్లు వచ్చే కాగితాలు, చిరిగిన ముక్కలతో నిండిన దాదాపు 16,000 సంచులు మిగిలాయి. 1991 చివర్లో వచ్చిన చట్టం ఎవరి ఫైలు వారు చదివే హక్కు ఇచ్చింది, సంబంధం లేని ఇతరుల వివరాలను మూసి ఉంచింది, తన మీద నివేదికలు రాసిన మారుపేరు వెనక అసలు పేరు అడిగే వీలు కూడా కల్పించింది. అంత కాగితం, అంత చట్టం ఉన్న చోట కూడా ఫైలులో ఉన్నదంతా జరిగినదే అనుకోవడానికి వీల్లేకపోయింది. పై అధికారి మెప్పు కోసం పెంచి రాసిన నివేదికలూ ఉంటాయి, తనకు తెలియకుండానే సమాచారదారుగా నమోదైన మనిషీ ఉండవచ్చు.

మన ఊళ్లలో అలాంటి చట్టం లేదు, ఉన్నవి గుసగుసలు. అందుకే ఇన్‌ఫార్మరు పేర్ల విషయంలో నేను కఠినంగా చెబుతున్నాను: విన్న పేరును ఎక్కడా ప్రచురించకండి, మరొకరి దగ్గర ఎత్తకండి. ఆ మనిషి మనవలు అదే వీధిలో ఉంటారు, వారు చేసినది ఏమీ లేదు. పేరున్న భాగాన్ని రికార్డులో ఉంచి, తాళం వేసిన ప్రతిలో మాత్రమే దాచండి. దానికంటే విలువైన ప్రశ్న మరొకటి ఉంది. సమాచారం ఎలా రాబట్టేవారు? లాకప్పులో ఉన్న కొడుకును వదులుతామన్నారా, భూమి తగాదా తీరుస్తామన్నారా, రేషన్ ఆపుతామన్నారా? ఆ పద్ధతులు రాస్తే ఊరంతటి మీదా నిఘా ఎలా నడిచిందో తెలుస్తుంది.

దళాల చేతుల్లో చనిపోయిన భూస్వాముల, సావుకార్ల కుటుంబాల దగ్గరకూ వెళ్లాలి. ఈ మాట కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నాను. వారి ఇళ్లలోనూ రాత్రుళ్లు నిద్రలేని పిల్లలు పెరిగారు. వారి మాటనూ ఇదే పద్ధతిలో, ఇవే అనుమతులతో నమోదు చేయాలి.

జ్ఞాపకమూ కాగితమూ కలవని చోట రాతప్రతి మధ్యలో గీత గీసి రెండు వైపులా రెండూ రాయండి. ఉదాహరణకు, వానల్లో పట్టుకెళ్లారని అవ్వ అంటుంది, అరెస్టు తేదీ వేసవిదని కాగితం అంటుంది. అవ్వ పొరబడి ఉండవచ్చు. లేదా ఒకసారి పట్టుకెళ్లి, కాగితం లేకుండా కొన్నాళ్లు ఉంచి, తరువాత అరెస్టు చూపించి ఉండవచ్చు. మూడో మనిషి మాట దొరికే వరకు ఏ వైపునా కొట్టివేత పెట్టకండి. రాత్రిపూట తలుపు తట్టి సోదా చేయడం సర్కారు హక్కేనని ఇప్పటికీ నమ్మే పెద్దలుంటే, నిఘా పేరుతో రాత్రిళ్లు ఇళ్లకు వెళ్లడం చెల్లదని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పిందని, తమ కథంతా చెప్పేశాక వారికి చెప్పండి.

ధ్వని ఫైళ్లకు మనుషుల పేర్లు పెట్టకుండా సంకేత సంఖ్యలు ఇచ్చి, ఏ సంఖ్య ఎవరిదో వేరే పుస్తకంలో రాసి వేరేచోట ఉంచండి. మూడు ప్రతులు తీసి, ఒకటి తప్పనిసరిగా ఊరికి దూరంగా పెట్టాలి. 2014లో హుద్‌హుద్ తుఫానును, 2018లో తిత్లీ తుఫానును చూసిన తీరానికి ఇది వేరే చెప్పనక్కరలేదు. రాతప్రతి పూర్తయ్యాక చెప్పినవారి ఇంటికి వెళ్లి పైకి చదివి వినిపించండి. వారు చెప్పిన సవరణలను తేదీ వేసి చివర చేర్చాలి, పాత మాట చెరపకూడదు. ఏదైనా భాగం తీసేయమంటే అన్ని ప్రతుల నుంచీ తీసేసి, తీసేసిన తేదీ మాత్రమే పుస్తకంలో రాసి, ఒక ప్రతిని వారి ఇంట్లోనే ఇచ్చి రండి.