సైనిక నీలిబూడిద: వరంగల్ కొత్తవాడ దర్రీ మగ్గానికి సరిపడే లెక్క

నీలిరంగులో చిటికెడు నలుపు కలిపితే నీలిబూడిద వస్తుందనుకుని నూలు పాడుచేసుకునేవాళ్లు చాలామంది. అలా వచ్చేది మసిబారిన నీలం. సైనికుల బట్టలో కనిపించే రంగు తొట్టెలో తయారైంది కాదు, నూలు వడికేముందు పీచుల్లో కలిసింది.

1914లో ఫ్రెంచి సైన్యం ఎర్ర ప్యాంట్లు మానేసి ఎరుపు, తెలుపు, నీలం ఉన్ని కలిపిన బట్ట నేయించాలనుకుంది. ఎర్రరంగు జర్మనీ నుంచి రావాలి. యుద్ధం మొదలయ్యేసరికి ఆ దారి మూసుకుపోయింది. ఎరుపు తీసేస్తే మిగిలిందే ‘హొరైజన్ బ్లూ’: తెలుపు 35 పాళ్లు, ముదురు నీలం 15, లేత నీలం 50. దగ్గర్నుంచి చూస్తే మూడు రంగులు, నాలుగడుగుల దూరం జరిగితే ఒకటే ఛాయ.

నేలమీద పరిచే నూలు తివాచీ, మన దర్రీకి ఈ లెక్క అచ్చంగా అతుకుతుంది, ఎందుకంటే పేకలో, అంటే అడ్డపోగులో, ఎలాగూ చాలా పోగులు కలుపుతాం. 20 పోగులకు 7 తెలుపు, 3 ముదురు, 10 లేత. 20 నంబరు నూలైతే అన్నీ కలిసి ఒకటో నంబరు లావు వస్తుంది (నంబరు తగ్గేకొద్దీ పోగు లావు).

కిలో పేకకు 350 గ్రాముల తెల్లనూలు, 150 గ్రాములు ముదురుకు, 500 గ్రాములు లేతకు. తెలుపుకి కోరా నూలు వాడొద్దు. దాని పసుపు ఛాయ నీలంతో కలిసి ఆకుపచ్చగా కొడుతుంది. బ్లీచ్ చేసిందే కొనండి. రంగు వేసే చిలపలను (నూలు చుట్టలను) ముందు లీటరుకు 2 గ్రాముల బట్టల సోడా, కాస్త సబ్బు వేసిన నీళ్లలో గంటసేపు ఉడకబెట్టాలి. కడిగాక చుక్క నీరు వేస్తే వెంటనే పీల్చుకోవాలి. చుక్క నిలబడితే మళ్లీ ఉడకబెట్టండి.

చల్లనీళ్లలోనే నూలుకు అంటే ఎం రకం రియాక్టివ్ రంగు (పీచుతో రసాయనికంగా కలిసిపోయేది) చాలు. లేతకు 10 లీటర్ల నీళ్లు, 2.5 గ్రాముల నీలం, 250 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల బట్టల సోడా. ముదురుకు 3 లీటర్లు, 6 గ్రాముల నేవీ బ్లూ, 180 గ్రాముల ఉప్పు, 45 గ్రాముల సోడా. ముందు రంగు నీళ్లలో చిలపలు తిప్పుతూ ఉప్పును మూడు దఫాలుగా వేయండి. అరగంటయ్యాక సోడా వేడినీళ్లలో కరిగించి, చల్లార్చి, రెండు దఫాలుగా పోయండి. పోసేటప్పుడు చిలపలను పైకెత్తాలి. లేకపోతే ఆ చోట మచ్చ పడుతుంది. ఆ తర్వాత గంటసేపు తిప్పుతూనే ఉండాలి.

ఇక నీళ్లు. బోరు నీళ్లు కఠినంగా ఉంటే సోడా తగలగానే సున్నం విడిపోయి నూలుకు పట్టుకుంటుంది, ఛాయ పొడిబారినట్టు అవుతుంది. లీటరుకు గ్రాము సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ముందే కలపండి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు అసలే వాడొద్దు. 40 డిగ్రీలు దాటితే రంగు నూలుకు అంటకముందే నీళ్లతో చర్య జరిపి పనికిరాకుండా పోతుంది. తెల్లవారుజామున పట్టిన నీళ్లు మేలు.

ఎక్కువ నష్టం ఇక్కడే: కడగడం. ముదురు పోగు పక్కనే తెల్లపోగు ఉంటుంది కాబట్టి, అంటని రంగు కొంచెం మిగిలినా మొదటి ఉతుకుకే తెలుపు చచ్చిపోతుంది. చల్లనీళ్లలో రెండుసార్లు జాడించి, లీటరుకు 2 గ్రాముల సబ్బుతో పావుగంట మరగనివ్వండి. ముదురు చిలపకు ఇది రెండుసార్లు చేయాలి. తడి చిలపను తెల్లగుడ్డలో చుట్టి, బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. గుడ్డకు మరక అంటితే మూడోసారి.

పోగులు జోడించేటప్పుడు మూడు ముదురు పోగులనూ పక్కపక్కన పెట్టకండి, లేతవాటి మధ్య ఎడంగా పంచండి. అంగుళానికి రెండు పురులైనా (మెలికలైనా) ఉండాలి. పురి లేకపోతే పోగులు విడిపోయి నేతలో చారలు తేలతాయి. పడుగు (నిలువుపోగు) పేక కింద దాగిపోతుంది కనుక తెల్లదైనా చాలు.

ఛాయ మార్చాలంటే రంగు తొట్టె ముట్టుకోకుండా పోగులు మార్చండి. బ్రిటిష్ వాయుసేన 1919లో తీసుకున్న నీలిబూడిద లాంటి బరువైన ఛాయకు 4 తెలుపు, 7 ముదురు, 9 లేత పెట్టి చూడండి. ఒక లేత పోగు తీసి మంజిష్ఠ ఎరుపు వేస్తే నీలం తగ్గి బూడిద పెరుగుతుంది. రెండు వేశారంటే వంగపండు రంగు వైపు పోతుంది. ఆస్ట్రియా-హంగరీ సైన్యం పెట్టుకున్న పైక్ చేప బూడిదరంగు కొండల్లో ఒదిగింది గానీ పచ్చని మైదానాల్లో కొట్టొచ్చినట్టు కనబడి 1915లో మార్చాల్సొచ్చింది. దర్రీకీ అంతే, గోడల రంగును బట్టి ఈ ఛాయ మారినట్టు కనిపిస్తుంది. జానెడు ముక్క నేసి, ఆరాక, ట్యూబులైటు కింద కాకుండా పగటి నీడలో, అది పరిచే గదిలోనే చూసి మిగతా నూలు చుట్టండి.