ఉలమా అంటే ఎవరు, ఆ మాట ఎట్ల వాడాలె
మన నల్లగొండల గడ్డం ఉన్న ప్రతి పెద్దమనిషిని మౌల్సాబ్ అనేస్తరు, ఇంక కొందరైతే 'ఒక ఉలమా వచ్చిండు' అని రాస్తరు, అది తప్పు భాయ్. ఉలమా అంటే ఇస్లాం మత పండితులు, ఆ మాటనే బహువచనం, ఒక్కరైతే ఆలిమ్. అరబీల ఇల్మ్ అంటే జ్ఞానం, రెండు మాటలూ దాంట్లకెళ్లే వచ్చినయ్. అట్ల చూస్తే 'ఉలమాలు' డబుల్ బహువచనమే గానీ తెలుగుల చెవికి బాగనే ఉంటది, నేనైతే పట్టించుకోను.

మదర్సాల మత చదువు కోర్సు పూర్తిగ చదివినోళ్లను ఆలిమ్ అంటరు. ఖురాన్ కంఠతా వచ్చినాయన హాఫిజ్, నమాజ్ చదివించేటాయన ఇమామ్, ఫత్వా (మత చట్టం ప్రకారం అభిప్రాయం) ఇచ్చేటాయన ముఫ్తీ, ఒక్కరే ఇవన్నీ కావచ్చు కూడా. లతీఫ్ సాబ్ గుట్ట మీద దర్గా చూసుకునే ముజావర్‌ది మాత్రం వేరే పని, కలపకుర్రి. ఎదురుంగ పిలిచేటప్పుడు 'మౌలానా సాబ్' అంటే సరిపోతది.