కడుపు చూసే ముందు చేతులు వెచ్చచేసుకోండి

కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయిలు గర్భిణి కడుపు చూడమంటే వేళ్ళ కొసలతో పొడుస్తారు. పొట్ట బిగుసుకుంటుంది, ఇక లోపల ఏముందో చేతికి అందదు. ముందు ఆమెను బాత్రూమ్‌కు పంపండి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిపించండి, కళ్ళు తిరుగుతున్నాయంటే వెంటనే ఎడమ పక్కకి తిప్పండి. చేతులు రుద్దుకుని, వేళ్ళు దగ్గరగా చేర్చి అరచేతిని ఆనించండి.

కడుపులో బిడ్డ ఎటు తిరిగి ఉందో చేత్తో తెలుసుకోవడానికి, పరీక్ష పేపర్లలో లియోపోల్డ్ అనే డాక్టరు పేరుతో రాసే నాలుగు పట్లు ఇవే. ఆమె ముఖం వైపు తిరిగి, ముందుగా రెండు చేతులూ గర్భసంచి పైభాగాన పెట్టండి. అక్కడ బిడ్డ తల అయితే గట్టిగా, గుండ్రంగా ఉండి, కాస్త కదిపితే ఒళ్ళు కదలకుండా తానొక్కటే ఊగుతుంది. పిరుదులైతే మెత్తగా, వెడల్పుగా ఉంటాయి, కదిపితే ఒళ్ళంతా కదులుతుంది. తర్వాత బొడ్డుకి రెండు పక్కలా, ఒక చేత్తో ఆపి రెండో చేత్తో నెమ్మదిగా నొక్కండి. వీపు ఉన్న పక్క పలకలా సాఫీగా తగులుతుంది. అవతలి పక్క కాళ్ళూ చేతులూ చిన్న గడ్డల్లా వేళ్ళ కింద నుంచి జారిపోతాయి, ఒక్కోసారి తంతాయి కూడా.

మూడోది, పొత్తికడుపు కింద ఎముకకి పైన బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య, అక్కడున్న బిడ్డ భాగాన్ని పట్టుకుని చూడటం. గట్టిగా పడితే నొప్పి పెడుతుంది, నాకైతే నాలుగోదే ఎక్కువ పనికొస్తుంది. అందుకు ఆమె కాళ్ళవైపు తిరిగి రెండు చేతులూ కిందికి జార్చండి: వేళ్ళు తల కింద దగ్గరికి వస్తే తల ఇంకా కటి ఎముకల మధ్యకి దిగలేదు, విడిపోతే దిగింది. తొలిచూలైతే తరచుగా ఆఖరి వారాల్లోనే దిగుతుంది, తర్వాతి కాన్పుల్లో నొప్పులు మొదలయ్యాక కూడా దిగవచ్చు.

ఒకసారి నాకు పైనా గట్టిగానే, కిందా గట్టిగానే తగిలింది. మళ్ళీ చూస్తే పరువు పోతుందని 'తల కిందే' అని రాసేశాను. గుండె చప్పుడేమో బొడ్డుకి పైన వినిపించింది, అక్కడే ఆగాల్సింది, ఎందుకంటే తల కిందికుంటే ఆ చప్పుడు మామూలుగా బొడ్డు కిందే, వీపు వైపు వినిపిస్తుంది. స్కానింగ్‌లో ఎదురుకాళ్ళని తేలింది.

పైనా కిందా ఖాళీగా ఉండి తల పక్కన తగిలితే బిడ్డ అడ్డంగా ఉన్నట్టే. 36 వారాల లోపైతే టెన్షన్ పెట్టకండి, తిరిగే టైముంది. ఆ తర్వాతా అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి పంపండి, నూనె రాసి తిప్పుతానని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు.